వాసన రాని నోరు

ఆ లాండ్రీలో బట్టలు తీసుకునే బల్ల దగ్గర ఆవిడ ముప్పై మూడేళ్లుగా కూర్చుంటోంది. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది, అక్కడే ఉండిపోయింది. పనివాళ్లందరికీ ఆవిడ ముక్కుపిన్ని. అలాగని పిన్ని ముక్కు పెద్దదీ కాదు, వంకరదీ కాదు. బాగా పనిచేసే ముక్కు, అంతే. బల్ల మీద పడ్డ ప్రతి బట్టనీ రెండు వేళ్లతో ఎత్తుతుంది. మరక ఉన్నచోట ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్కసారి పీలుస్తుంది. "ఛీ" అంటుంది. ఆ తర్వాత అదేమిటో చెప్తుంది. టీ, నూనె, నెత్తురు, టింక్చరు, పసిపిల్లల కక్కు, బీరు, బ్రాందీ. ఆవిడ చెప్పినదాన్ని బట్టి బట్ట ఏ తొట్టిలోకి పోవాలో తేలుతుంది. నెత్తుటి మరకని పొరపాటున వేడినీళ్లలో వేశారా, ఇక అది చచ్చినా వదలదు. అందుకని యజమాని కూడా ఆవిడ ముక్కుకి ఎదురు చెప్పడు.

ఒకసారి ఓ పెద్దమనిషి భార్యని వెంటబెట్టుకుని కోటు తెచ్చాడు. ఆఫీసులో టీ ఒలికిందన్నాడు. పిన్ని వాసన చూసి, "ఛీ, ఇది రమ్ము. మూడు రోజులైంది" అంది, ఆ భార్య ఎదురుగానే. ఆయన మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. ఆ భార్య మాత్రం మర్నాడే ఆయన చొక్కాలన్నీ మూటగట్టుకొచ్చి బల్ల మీద పోసి, ఒక్కొక్కటీ చూసి చెప్పమంది. ఈ ముచ్చట లాండ్రీలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. మద్యం వాసన పట్టడంలో పిన్ని తప్పినట్టు ఒక్క దాఖలా కూడా లేదు.

రోజంతా జనం మురికిలో ముక్కు పెట్టే మనిషికి ఏవగింపు అలవాటైపోవాలి కదా? పిన్నికి రోజురోజుకీ ముదిరింది. ఇంటికి రాగానే మోచేతుల దాకా మూడుసార్లు సబ్బు రుద్దుకుంటుంది. ఆ సబ్బు ఇంకెవరూ ముట్టకూడదు. ఎవరైనా కంచంలో చెయ్యి నాకితే ఆవిడ తన కంచం వదిలేసి లేచిపోతుంది. బస్సులో పక్కనున్న మనిషి తుమ్మితే తర్వాతి స్టాపులో దిగి నడిచి వస్తుంది.

అలాంటి మనిషికి దేవుడు ఏరికోరి సైన్‌బోర్డులు రాసే మొగుణ్ణిచ్చాడు. మంచివాడే. కానీ రెండక్షరాలు రాయడం, బ్రష్ నోట్లో పెట్టుకోవడం, పెదవుల మధ్య ఒక్క తిప్పు తిప్పి మొన తీయడం, మళ్లీ రెండక్షరాలు. అతనికి పని నేర్పిన గురువుదీ అదే పద్ధతి. "గుడ్డతో తుడిస్తే మొన రాదే. వెంట్రుక ఎటు వంగిందో పెదవికే తెలుస్తుంది" అని పిన్నితో అనేవాడు. ఎప్పుడు చూసినా పెదవి మూల ఇంత ఎరుపో, ఇంత పసుపో. పెళ్లైన కొత్తలో ఉప్పునీళ్లతో నోరు పుక్కిలించి వస్తేనే పిన్ని పక్కన కూర్చోనిచ్చేది. అతను నవ్వుతూ పుక్కిలించి వచ్చేవాడు. ముప్పై ఏళ్లు ఆవిడ ఛీ అంటూనే ఉంది, అతను నోట్లో పెడుతూనే ఉన్నాడు. కూతురు పుట్టింది. ఆరేళ్లప్పుడు ఆ పిల్ల కూడా బ్రష్ తీసుకుని నోట్లో పెట్టింది. పిన్ని లాగి ఒక్కటిచ్చింది. ఏం లాభం? ఆ కూతురికి ఇప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. రెండేళ్ల కిందట పెళ్లయింది, కాపురం రెండు వీధుల అవతలే, పిల్లల సంగతి ఇప్పుడిప్పుడే ఆలోచిస్తోంది. తండ్రితో కలిసి లారీలకీ దుకాణాలకీ అక్షరాలు రాస్తుంది. పెదవి మూల ఎరుపు సహా తండ్రి నోట్లోంచి ఊడిపడ్డట్టుంటుంది.

పెయింటరు గురించి ఇంకో సంగతి కూడా చెప్పాలి. అతను తాగడు. తాగినవాడు షాపు మెట్లెక్కితే సగం రాసిన బోర్డు వదిలేసి షట్టరు దించేస్తాడు. దానికి కారణం వీధిలో అందరికీ తెలుసు. అతని తండ్రి తాగి తాగి పోయాడు. వాళ్ల ఇంటి గేటుకి ఓ రేకు పలక ఉంది. పెయింటరు పద్దెనిమిదేళ్ల వయసులో మొట్టమొదట రాసిన బోర్డు అదే, దాని మీద తండ్రి పేరు. తండ్రి పోయిన వారంలో దాని మీద బూడిదరంగు పూసేశాడు. మళ్లీ ఏ పేరూ రాయలేదు. ఊరందరి పేర్లూ రాసే మనిషి ఇంటికి పేరు లేని పలక.

జబ్బు మొదట బొటనవేల్లో కనబడింది. తిన్నగా రావలసిన గీత వణికింది. బ్రష్ జారి చొక్కా మీద పడింది. అరచేతిలో బొటనవేలి కింద కండ గుంటపడింది. వయసు అన్నారు, మెడ ఎముక అన్నారు, విటమిన్లు రాశారు. ఆరు నెలలకి మాట కూడా ముద్దగా రావడం మొదలైంది. మంచినీళ్లు తాగితే పొలమారేది. పడుకుంటే తలగడ తడిసేది. పెద్దాసుపత్రిలో సూదులు గుచ్చి, కరెంటు పెట్టి, ఫోటోలు తీసి, చివరికి నరాల డాక్టరమ్మ ముగ్గుర్నీ ఎదురుగా కూర్చోబెట్టింది. కండరాలను కదిలించే నరాల కణాలు మెదడులో, వెన్నుపాములో ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయనీ, ఆ కండరాలన్నీ మెల్లగా పనిమానేస్తాయనీ, చివరికి ఊపిరి తీసే కండరాల దాకా వస్తుందనీ, ఆగేది కాదనీ చెప్పింది.

"ఎందుకొచ్చిందండీ?" అని అడిగింది పిన్ని.

డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. పూర్తిగా ఇంకా ఎవరికీ తెలియదంది. వయసు పైబడ్డవాళ్లకీ, మగవాళ్లకీ కాస్త ఎక్కువగా వస్తుంది. సిగరెట్టు మీద అనుమానముంది. సీసం, పురుగుమందులు, తలకి తగిలిన దెబ్బల మీద కూడా ఉంది. కానీ ఫలానా మనిషికి ఫలానా దానివల్లే వచ్చిందని వేలెత్తి చూపించలేం. పదిమందిలో ఇంచుమించు తొమ్మిదిమందికి కారణం దొరకదు. మిగిలిన ఆ ఒక్కరికీ వంశంలో వస్తుంది. అలా వచ్చినదైతే పిల్లలకి వెళ్లే అవకాశం సగానికి సగం.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా?"

పెయింటరు అడ్డంగా తలూపాడు. తల్లి ముసలితనంతో పోయింది, తండ్రి తాగి పోయాడు, అక్క గుండ్రాయిలా ఉంది. ఇదంతా అతను ముద్దముద్దగా చెప్తే కూతురు విడమరిచి చెప్పింది. డాక్టరమ్మ రాసుకుంది. పిన్ని ఒళ్లో సంచి పట్టీ వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

ఆ తర్వాత ఇంటికి జనం రావడం మొదలైంది. పరామర్శ అంటారు దాన్ని. పిన్నికి లాండ్రీలో ఏ మూట విప్పినా కలగనంత రోత ఆ రెండు నెలల్లో కలిగింది. వచ్చిన ప్రతివాడూ కుర్చీలో కూర్చుని పెయింటరు చేతుల వంక కళ్లప్పగించి చూసి, గొంతు తగ్గించి అడిగేది ఒక్కటే, ఎందుకొచ్చిందట అని. పక్కింటి రిటైర్డు కంపౌండరు సిగరెట్టన్నాడు. పెయింటరు కాల్చింది కుర్రతనంలో రెండేళ్లేనంటే, ఆ రెండేళ్లే చాలు అన్నాడు. ఆయన పుట్టాక పొగ ముట్టలేదు. ఎదురింటి బస్సు మెకానిక్కు, అప్పుడెప్పుడో నిచ్చెన మీంచి పడి తల పగిలింది కదా, అదే అయి ఉంటుందన్నాడు. అతను ఏనాడూ ఏదీ ఎక్కలేదు, దేని మీంచీ పడలేదు. బడి మైదానంలో గడ్డిమందు కొడుతుంటే పక్కనే గోడ మీద బోర్డు రాశాడు కాబట్టి ఆ మందే అంది ఒకావిడ. ఆవిడ ఇల్లు మైదానానికి చాలా దూరం. ఎవరి కారణం వాళ్లు చెప్పుకుని, ఆ కారణం తమ దగ్గర లేదని చూసుకుని, తేలిగ్గా ఊపిరి పీల్చుకుని లేచి వెళ్లేవారు. వాళ్లు పెయింటరు కోసం రాలేదు. ఆ జబ్బు రాబోయేవాళ్ల జాబితాలోంచి తమ పేరు కొట్టేయించుకోవడానికి వచ్చారు. వాళ్లు లేచిన కుర్చీలను పిన్ని తడిగుడ్డ పెట్టి తుడిచేది. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనుకునేది.

పెయింటరు అక్క మూడు రోజులుండి మరీ వెళ్లింది. మొదటి రోజు లాండ్రీ మందులంది, రెండో రోజు పిన్ని వంటంది, మూడో రోజు మాత్రం బ్రష్ అంది. "ఆ రంగుల్లో సీసం ఉంటుందట కదే. ముప్పై ఏళ్లు మింగాడు మరి" అంది.

ఇన్ని మాటల్లో ఆ ఒక్క మాటని పిన్ని గట్టిగా పట్టుకుంది. తను ముప్పై ఏళ్లుగా మొత్తుకుంటున్నది అదే. బ్రష్‌ వల్లేనని తేలితే అది నోట్లోంచి తీసేయగానే తీరిపోతుంది. బ్రష్‌ అయితే కూతురికి భయం లేదు. ఆ సాయంత్రమే ఇంట్లో ఉన్న బ్రష్‌లన్నీ, పాత రంగు డబ్బాలన్నీ మూటగట్టి బయట పడేసింది. కూతుర్ని పిలిచి, తన నెత్తి మీద చెయ్యి పెట్టించి, ఇక బ్రష్ నోట్లో పెట్టనని ఒట్టు వేయించింది. పెయింటరు కుర్చీలోంచి చూస్తూ ఏదో అన్నాడు. గురువుగారు ఎనభై ఏళ్లు బతికారని అతను అంటున్నాడని కూతురు చెప్పింది. పిన్ని విననట్టు వెళ్లి చేతులు కడుక్కుంది. సబ్బు ఒకసారి రుద్దింది, రెండుసార్లు రుద్దింది, మూడోసారి రుద్దుతుండగా ఓ పాత చొక్కా గుర్తొచ్చింది.

అది మామగారి చొక్కా. పిన్ని కాపురానికొచ్చిన నాటికి మామగారికి యాభై ఆరేళ్లు. బడిలో గంట కొట్టే అటెండరు. గంట సుత్తి చేతిలోంచి జారిపోయేది. గంట సగం కొట్టి మానేసేవాడు. మాట ముద్దగా వచ్చేది, వరండాలో తూలేవాడు. పిల్లలు నవ్వారు. హెడ్మాస్టరు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, ఇది బడా, సారా కొట్టా అని అడిగి మెమో చేతిలో పెట్టాడు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నవాడికి వాసనేం తెలుస్తుంది? మామగారు ఇంటికొచ్చి కొడుకుతో "నేను తాగలేదురా" అన్నాడు. ఆ మాటే ముద్దగా వచ్చింది. అది విన్నాక ఇక ఎవరికి నమ్మకం కుదురుతుంది? కొడుకు మొహం తిప్పుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏడాదిన్నర, ఆయన ఎదురుపడినప్పుడల్లా ఆ మాటే అన్నాడు. ఎవరికి వాళ్లు మొహాలు తిప్పుకున్నారు.

ఆయన దగ్గరికెళ్లిన మనిషి ఒక్కతే, కోడలు. ఆయన బట్టలు ఉతకడం ఆవిడ పని. అప్పటికి లాండ్రీలో చేరి రెండు నెలలైంది, ముక్కు అప్పుడప్పుడే పదునెక్కుతోంది. మొదటి వారంలోనే ఆయన చొక్కా ఎత్తి, అలవాటు కొద్దీ, ఛాతీ మీద తడిసిన చోట వాసన చూసింది. చొంగ, చెమట, కారిపోయిన అన్నం. అంతే. బీరు లేదు, బ్రాందీ లేదు, సారా లేదు. ఏ చొక్కాలోనూ లేదు, ఏ రోజూ లేదు. తలగడ గలేబు చూసింది, తువ్వాలు చూసింది. ఒకరోజు ఆయన ఎదురుగా నిలబడి ఏదో చెప్పబోతే ఊపిరి నేరుగా మొహానికే కొట్టింది. ఆ నోటి నుంచి వాసన రాలేదు.

ఆ సంగతి మొగుడికి చెప్పబోయింది, ఒకే ఒక్కసారి. అతను "ఆయన మాట నా దగ్గర ఎత్తకు" అని కసిరాడు. ఆవిడ మరి ఎత్తలేదు. అతను కసిరినందుకే ఎత్తలేదని ఆవిడ తనకి తాను చెప్పుకుంది. అది పచ్చి అబద్ధం. మామగారు అన్నం తింటుంటే పక్కన కూర్చోలేకపోయేది ఆవిడ. నోటి మూల నుంచి మెతుకులు కారేవి. పొలమారి దగ్గితే కంచమంతా తుంపర్లు. ఏ కారణం లేకుండా నవ్వు మొదలెట్టి ఆపుకోలేక, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేవాడు. ఆవిడకి వాంతొచ్చేది. తాగుబోతైతే దూరం పెట్టొచ్చు, వెనక రేకుల గదిలో మంచం వెయ్యొచ్చు, కంచం గుమ్మంలో పెట్టి రావచ్చు. రోగి అయితే దగ్గరికెళ్లి, మూతి తుడిచి, ముద్దలు తినిపించాలి. ఇరవై రెండేళ్ల పిల్లకి ఈ లెక్క ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆవిడ కంచం గుమ్మంలో పెట్టి వచ్చింది, ఏడాదిన్నర పాటు. ఓ మధ్యాహ్నం ముద్ద గొంతుకడ్డంపడి ఆయన ఒక్కడే ఆ గదిలో పోయాడు. సాయంత్రం ఖాళీ కంచం కోసం వెళ్లినప్పుడు చూసింది.

ఇవన్నీ మరిచిపోవాలంటే సబ్బు చాలదు. కానీ పిన్ని తలచుకుంటే దేన్నయినా తొట్టిలో అడుక్కి తొక్కేయగలదు. ముప్పై రెండేళ్లు తొక్కింది. ఇప్పుడు కూడా బ్రష్‌ని అడ్డం పెట్టి తొక్కేసేదే, ఆ రోజు బస్సెక్కకపోయి ఉంటే.

రెండో విడత పరీక్షలకి పెద్దాసుపత్రికి వెళ్తున్నారు. కూతురు తిన్నగా అక్కడికే వస్తానంది. పిన్ని ముందు ఎక్కి సీటు చూస్తోంది. వెనకాల మెట్టు మీద పెయింటరు కాలు సరిగ్గా పడలేదు, తూలి కండక్టరు మీద పడ్డాడు. చొంగ కాస్త ఆ ఖాకీ చొక్కా భుజానికి అంటింది. కండక్టరు చొక్కా దులుపుకుంటూ, పొద్దున్నే ఎక్కించి వచ్చావా అని, దిగు దిగు అని భుజం పట్టి తోశాడు. బస్సులో వాళ్లు ముఖాలు చిట్లించారు. ముందు సీటులో ఒకావిడ ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుంది. పెయింటరు మెట్టు కడ్డీ పట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ అన్నాడు.

"నేను... తాగలేదు."

అవే మాటలు. అదే ముద్ద గొంతు. పెయింటరు తన తండ్రి గొంతుని ఏనాడూ దగ్గర నిలబడి వినలేదు, మాట చెవిన పడగానే మొహం తిప్పుకున్నాడు కాబట్టి అతనికి తెలియదు. పిన్నికి తెలుసు. సీటు వదిలేసి మెట్ల దాకా వచ్చి, మొగుడి చెయ్యి పట్టుకుని కిందికి దిగిపోయింది. కండక్టరుతో తగువు పెట్టుకోవాలని నోటిదాకా వచ్చింది. కానీ ఏ మొహం పెట్టుకుని తిడుతుంది? అతను తోసింది బస్సులోంచి. తను తోసింది ఇంట్లోంచి.

ఆటో పట్టుకుని ఆసుపత్రికి చేరాక, మళ్లీ ముగ్గురూ డాక్టరమ్మ ఎదురుగా కూర్చున్నారు. మందుల సంగతి, మింగడానికి జాగ్రత్తల సంగతి అయ్యాక, కూతురు కాస్త తటపటాయించి, పిల్లల కోసం అనుకుంటున్నామని, తనకేం భయం లేదు కదా అని అడిగింది. డాక్టరమ్మ కాగితం తిరగేసింది. వంశంలో ఎవరికీ లేదని చెప్పారు కాబట్టి ఆ అవకాశం చాలా తక్కువేనంది. కూతురి భుజాలు కిందికి దిగాయి. తల్లి వంక తిరిగి చిన్నగా నవ్వింది.

ఆ నవ్వుని అలాగే ఉండనిస్తే సరిపోయేది. ఏ తల్లి అయినా ఉండనిస్తుంది. పిన్ని కూడా ఉండనిద్దామనే చూసింది. కానీ పరామర్శకొచ్చి జాబితాలోంచి పేర్లు కొట్టేయించుకున్న వాళ్లంతా గుర్తొచ్చారు. ఇన్నాళ్లూ వాళ్లని చూసి ఛీ అంటూ తను చేసింది కూడా అదే. వాళ్లు తమ పేరు కొట్టుకున్నారు, తను కూతురి పేరు కొట్టింది. దానికోసం ఒక ముసలాయన పేరు తాగుబోతుల్లో రాయించింది.

"మా మామగారు తాగేవారు కాదండీ" అంది.

పెయింటరు తలెత్తాడు. డాక్టరమ్మ కలం ఆపింది. పిన్ని ఎవరి మొహమూ చూడకుండా, బల్ల మీద బట్టలు పరిచినట్టు ఒక్కొక్కటే చెప్పింది. సుత్తి జారడం, మాట ముద్దగా రావడం, తూలడం, పొలమారడం, చొంగ. డాక్టరమ్మ మధ్యలో అడిగింది, కారణం లేకుండా నవ్వడం, ఏడవడం ఉండేదా అని. ఉండేదండి, తాగి నవ్వుతున్నాడనుకునేవాళ్లం అంది పిన్ని. ఎన్నాళ్లున్నాడని అడిగింది. ఏడాదిన్నర అంది. తాగలేదని మీకెలా తెలుసని అడిగింది.

"నా పనే అదండి. ఆ నోట్లోంచి ఏ రోజూ వాసన రాలేదు."

డాక్టరమ్మ పాత గీత కొట్టేసి కింద చాలాసేపు రాసింది. ఇంత మాత్రాన అదే జబ్బని చెప్పలేమంది, పోయిన మనిషిని పరీక్షించలేం కదా అంది. ముందు పెయింటరు రక్తం పంపిద్దాం, అందులో ఏమైనా దొరికితే అప్పుడు కూతురు తను పరీక్ష చేయించుకోవాలో వద్దో నెమ్మదిగా నిర్ణయించుకోవచ్చు. తెలుసుకోవాలని ఎవరూ బలవంతపెట్టరు. ఒకవేళ ఉన్నా, ఉన్న ప్రతివాళ్లకీ జబ్బు వచ్చి తీరుతుందని లేదు. పిల్లల విషయంలోనూ దారులున్నాయి, అవి ముందే తెలియడం మంచిది అంది. ఇదంతా మెత్తగానే చెప్పింది. కూతురు వింటున్నట్టు లేదు. తల్లినే చూస్తోంది.

"నీకు ఎప్పట్నుంచి తెలుసమ్మా?"

"వచ్చిన మొదటి వారం నుంచి."

"ఛీ" అంది కూతురు.

పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల ఎవర్నీ ఆ మాట అనలేదు. అది తల్లి మాట, ఇంట్లో తల్లి ఒక్కతే వాడే మాట. అలా అని సంచి భుజాన వేసుకుని తలుపు తీసుకుని వెళ్లిపోయింది. పెయింటరుకి నవ్వొచ్చింది. నవ్వాలని కాదు, వచ్చింది. భుజాలు కుదుపుతూ, ఆగకుండా, కళ్లమ్మట నీళ్లు కారుతుండగా నవ్వాడు. పిన్ని ఆ నవ్వు ఇంతకుముందు విన్నది. అప్పుడు తలుపు వేసుకుంది. ఈసారి అది ఆగేదాకా పక్కనే కూర్చుంది.

ఇంటికొచ్చాక అయిదు రోజులు అతను ఆవిడ వంక చూడలేదు. ముద్ద నోటి దగ్గర పెడితే తిన్నాడు, మాత్ర వేస్తే మింగాడు, కళ్లు మాత్రం గోడ మీదే. పిన్నికి అది న్యాయంగానే తోచింది. ఎదుటివాళ్లు మొహం తిప్పుకుంటే ఎలా ఉంటుందో తనకి ఒక్కరోజయినా తెలియాలి కదా. కూతురు ఫోను ఎత్తలేదు. కంపౌండరు వచ్చి, వంశంలో ఉందటగా, నేను ముందే అనుకున్నాను అన్నాడు. కుర్చీ చూపించకుండానే పంపించేసింది.

ఆరో రోజు పొద్దున వాకిట్లో ఎండకి కూర్చోబెడితే పెయింటరు గడ్డంతో గేటు వైపు చూపించాడు. ఆవిడకి మొదట అర్థం కాలేదు. మళ్లీ చూపించాడు. బూడిదరంగు పలక.

పిన్ని లాండ్రీ నుంచి థిన్నరు సీసా తెచ్చింది. పాత రంగు మీద పాత రంగు, జాగ్రత్తగా తీయాలి. గట్టిగా రుద్దితే పైదానితోపాటు కిందిదీ వచ్చేస్తుంది. గుడ్డ తడిపి, అద్ది, కాసేపు ఉంచి, ఒత్తి, తుడిచి, మళ్లీ అద్దింది. బూడిదరంగు మెల్లగా గుడ్డకి అంటుకోవడం మొదలైంది. ముందు ఓ అక్షరం తలకట్టు, తర్వాత దాని పొట్ట, ఆ పక్కది. పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఒళ్లు దగ్గర పెట్టుకుని రాసిన ఎర్రటి అక్షరాలు, ఒక్క గీత వణకలేదు. పేరు కింద చిన్న అక్షరాల్లో, బడి అటెండరు అని. అది రాయించుకున్నప్పుడు ఆయన ఎంత పొంగిపోయి ఉంటాడోనని పిన్నికి ఆ రోజే మొదటిసారి తట్టింది.

ఎవరో వచ్చిన అలికిడైతే తిరిగి చూసింది. గేటు అవతల కూతురు నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. లోపలికి రాలేదు, వెళ్లిపోనూ లేదు. పలకనే చూస్తోంది. కాసేపటికి, "నాన్న రక్తం తీసేది ఎప్పుడు?" అని అడిగింది. ఎల్లుండి అంది పిన్ని. నేనూ వస్తాను అంది కూతురు. ఆ గొంతులో ఇంకా కోపముంది. ఉండనీ అనుకుంది పిన్ని.

కుర్చీలోంచి పెయింటరు ఆ పేరు చదవడానికి ప్రయత్నించాడు. మూడక్షరాల పేరు, మూడుసార్లు మొదలెట్టాడు. నాలుగోసారి వచ్చింది, ముద్దగానే. ముప్పై రెండేళ్లుగా అతని నోట రాని పేరు అది. దాని వెనకాలే, ఇంకా కష్టపడి, "తాగలేదు" అన్నాడు. అనేసరికి నోటి మూల నుంచి చొంగ గడ్డం మీదికి కారింది.

తుడిచే గుడ్డ థిన్నరుతో నిండిపోయి ఉంది. పిన్ని దాన్ని పక్కన పడేసి, వంగి, గుడ్డ పట్టని వట్టి చేత్తో అతని గడ్డం తుడిచింది. తర్వాత లోపలికి వెళ్లి, కుళాయి దగ్గర ఆగకుండా దాటి, అన్నం కంచంలో పెట్టుకొచ్చి అతని పక్కన కూర్చుంది. లోపలికి వెళ్లేటప్పుడు రంగంటిన చేతిని గుమ్మం దగ్గరి నీళ్లలో ముంచింది కానీ, అతని గడ్డం తుడిచిన రెండో చేతిని కడుక్కోలేదు.